ఆడపని, మగపని అని దేవుడే పంచాడా? కాంట పుస్తకం రాసిన అనుభవంతో నా జవాబు

మీ ప్రశ్న చదివాను. డిగ్రీ సోషియాలజీ క్లాసులో జెండర్ పాఠం విని ఇంటికొచ్చి చెబితే, మీ నాన్నగారు "ఆడోళ్ళ పని ఆడోళ్ళది, మగోళ్ళ పని మగోళ్ళది. దేవుడే అట్ల పుట్టిచ్చిండు, దాంట్ల సమాజం చేసిందేముంది" అన్నారని, ఆయనకేం చెప్పాలో తోచలేదని రాశారు. నేను కాకతీయ యూనివర్సిటీలో ఈ సబ్జెక్టులోనే ఎం.ఏ. చేసి, ఇప్పుడు హనుమకొండలో పాఠాలు చెబుతున్నాను. అయితే ఈ ప్రశ్న నాకు అంతకు చాలా ముందే, పరకాల దగ్గర మా ఊళ్ళో పత్తి చేను గట్టు మీద ఎదురైంది. అక్కడినుంచే చెబుతాను.

అప్పుడు నేను ఏడో తరగతి. అవ్వ, అంటే మా అమ్మ, పత్తి ఏరడానికి కైకిలి (కూలికి) పోయేది. నా చేతిరాత బాగుంటుందని ఆ చేను రైతు ఆదివారాలు నన్ను కాంట (తూకం) దగ్గర కూర్చోబెట్టేవాడు. పొద్దుగూకే వేళ ఆడవాళ్ళు పత్తి మూటలు నెత్తిన పెట్టుకుని వరసగా వచ్చేవాళ్ళు. మూట కొక్కేనికి తగిలిస్తే ఆయన కిలోలు చెప్పేవాడు, నేను పుస్తకంలో రాసేవాణ్ణి. కిలోకింత అని కూలి కాబట్టి ఎవరి లెక్క వాళ్ళదే. మొదటిరోజు నేను వాళ్ళ పేర్లు అడిగి రాయబోతే ఆయన ఆపాడు. "పేర్లెందుకురా, ఎవలింటోళ్ళో రాయి, గుర్తుంటది" అన్నాడు. అట్లా ఆ పుస్తకం నిండా ఫలానా ఆయన భార్య 38 కిలోలు, ఫలానా ఆయన కోడలు 29 కిలోలు అని రాశాను. భర్త చనిపోయినామెకు కొడుకు పేరు రాయాల్సి వచ్చింది. ఆ కొడుకు నాకంటే చిన్నవాడు.

అవ్వ వంతు వచ్చింది. 41 కిలోలు. బాపు (నాన్న) పేరు రాసి పక్కన "భార్య" అని రాశాను. బాపు ఆ చేనులో ఒక్క పూట కూడా అడుగుపెట్టలేదు.

శనివారం బట్వాడా. పుస్తకంలో ఎవరి పేరుంటే వాళ్ళు వచ్చి పైసలు తీసుకోవచ్చు. సగం మంది మగవాళ్ళే వచ్చి తీసుకునేవాళ్ళు. అది తప్పని ఎవరికీ అనిపించలేదు, నాకూ అనిపించలేదు.

ఎండిన పత్తికాయ మొనలు సూదుల్లా ఉంటాయి. సీజన్ అయిపోయేసరికి అవ్వ వేళ్ళ కొసలు పగిలి, గోళ్ళ పక్కన చీలికలు పడేవి. కారం అన్నం కలిపితే మండుతుందని ఆ రెండు నెలలూ చెంచాతో తినేది. మా ఇంట్లో ఉన్నది ఒకటే చెంచా. తెల్లారి మళ్ళీ అవే వేళ్ళతో జొన్నరొట్టెలు కొట్టేది.

ఇప్పుడు పాఠానికి వద్దాం. ఆడ, మగ శరీరాల మధ్య తేడా ఉంది. గర్భం, కాన్పు, పాలివ్వడం ఆడవాళ్ళకే ఉంటాయి. ఇది ఎవరూ కాదనరు, మీ నాన్నగారితో ముందు ఈ మాట ఒప్పుకోండి. ఆ తేడా మీద సమాజం కట్టిన పనులు, నడవడిక, హక్కులు, హద్దులు, వీటన్నిటికీ కలిపి జెండర్ అంటున్నాం. ఈ రెంటినీ విడదీసి చూడటాన్ని సోషియాలజీలో 1972లో ఆన్ ఓక్లీ అనే బ్రిటిష్ పరిశోధకురాలు స్థిరపరిచారు. అలా విడదీస్తే ఒక ప్రశ్న వేసుకోవచ్చు: పత్తి ఏరడం ఆడపని అని, ఆ కూలి మగాయన చేతికి పోవాలని శరీరంలో ఎక్కడ రాసి ఉంది?

దీనికి మా ఊళ్ళో ఒక జవాబు తయారుగా ఉండేది. ఆడవాళ్ళ వేళ్ళు సన్నగా ఉంటాయట, చకచకా ఏరుతాయట. నిజమే కాబోలు అనుకునేవాణ్ణి, మేనమామ వాళ్ళ ఊరికి పోయేదారిలో సిరిసిల్లలో సాంచాలు చూసేదాకా. ఆ మరమగ్గాల మీద వెంట్రుకంత దారం తెగితే చిటికెలో పట్టుకుని ముడివేసే పని మగవాళ్ళది. అదే వాడల్లో ఆడవాళ్ళు గుమ్మాల ముందు కూర్చుని బీడీలు చుడతారు. సన్నటి వేళ్ళే కారణమైతే సాంచాలు కూడా ఆడవాళ్ళకే రావాలి కదా. రాలేదు. బీడీ కంటే సాంచా మీద కూలి ఎక్కువ.

కలుపు సంగతి చూడండి. వంగి కలుపు తీసినంత కాలం అది ఆడపని. కలుపు మందులు వచ్చి, పంపు భుజానికెత్తుకుని కొట్టడం మొదలయ్యాక మగపని అయింది. వరికోత కొడవలితో ఉన్నప్పుడు ఆడా మగా కలిసి కోసేవాళ్ళు. హార్వెస్టర్ వచ్చాక దాని మీద కూర్చునేది మగాయనే. యంత్రం బలం అవసరాన్ని తగ్గించింది, ఇంకా చెప్పాలంటే ఆడవాళ్ళకు అనువైన పనైంది, అయినా వాళ్ళ చేతికి రాలేదు. ఎందుకంటే యంత్రానికి అప్పు కావాలి, అప్పుకు భూమి కాయితం కావాలి, నడపడం ఎవరో నేర్పాలి. ఈ మూడూ మగవాళ్ళ మధ్యనే తిరుగుతాయి. వ్యవసాయంలో కొత్త పనిముట్లు, శిక్షణ వచ్చినప్పుడు అవి మగవాళ్ళకే చేరి ఆడవాళ్ళు వెనకబడుతున్నారని ఎస్టర్ బోసెరప్ అనే డెన్మార్క్ ఆర్థికవేత్త 1970లోనే ఆసియా, ఆఫ్రికా దేశాల ఉదాహరణలతో చూపించారు. ఆ పాఠం చదివిన రోజు నాకు మా చెలకలే కనిపించాయి.

మీ నాన్నగారి మాటకు దగ్గరగా మాట్లాడిన సోషియాలజిస్టు కూడా ఉన్నాడు. 1950ల్లో టాల్కాట్ పార్సన్స్ అనే అమెరికన్, భర్త బయట సంపాదించడం, భార్య ఇంట్లో మనసులు చూసుకోవడం కుటుంబం సాఫీగా నడవడానికి పనికొచ్చే ఏర్పాటు అన్నాడు. అలాంటి కుటుంబం మా వాడలో ఒక్కటీ లేదు. పొద్దున ఎనిమిదికల్లా మా ఆడవాళ్ళంతా చేన్లల్లో ఉండేవాళ్ళు. ఊరి నడుమ పెద్దిండ్ల ఆడవాళ్ళు మాత్రం గడప దాటేవాళ్ళు కాదు, దాటితే ఆ ఇంటికి పరువు తక్కువ. ఒకటే ఊరు, ఒకటే వాన, ఒకే రకం శరీరాలు. ఒక వాడలో ఆడది బయట పనిచేయకపోతే పూట గడవదు, ఇంకో వాడలో చేస్తే పరువు పోతుంది. ప్రకృతే పంచి ఉంటే రెండు వాడల్లో ఒకేలా పంచేది. ఆ రెండు వాడలను విడదీసింది కులం. కులం నిలబడాలంటే ఆడవాళ్ళ పెళ్ళి మీద అదుపు ఉండాల్సిందేనని అంబేద్కర్ 1916లో అమెరికాలోని కొలంబియా యూనివర్సిటీలో చదివి వినిపించిన పత్రంలోనే చెప్పారు. మన దగ్గర జెండర్ గురించి మాట్లాడుతూ కులాన్ని వదిలేస్తే సగమే చెప్పినట్టు.

ఇంటి పని లెక్క త్వరగా చెప్పి ముందుకు పోతాను. 2019లో దేశమంతటా చేసిన కాల వినియోగ సర్వేలో, ఇంటిపని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు దానికి పెడుతున్నారని తేలింది. అసలు ఇంటిపని ముట్టుకునే మగవాళ్ళే నలుగురిలో ఒక్కరు.

నేను ఆ ఒక్కణ్ణి కావడానికి అవ్వ మోకాలి ఆపరేషన్ కారణం. నా భార్యకు స్కూల్ డ్యూటీ పొద్దునే ఉండేది, అందుకని వంట, అంట్లు నేను అందుకున్నాను. మొదటిరోజు వాకిట్లో కుళాయి దగ్గర గిన్నెలు తోముతుంటే అవ్వ మంచం మీదనుంచే పిలిచింది. "తలుపు దగ్గరికేయి కొడకా. ఎవలన్న చూస్తే నీ పెండ్లానికి మాటొస్తది" అంది. నాకు మాట వస్తుందనలేదు. అంట్లు తోమిన నన్ను జనం పాపం మంచోడు అంటారు, తోమించిందని కోడల్ని అంటారు. అది అవ్వకు బాగా తెలుసు. కోడలిని కాపాడటానికే తలుపు వేయమంది. ఆడ, మగ అన్నవి మనం రోజూ నలుగురి కళ్ళ ముందు చేసి చూపించాల్సిన పనులని, సరిగ్గా చేయకపోతే జవాబు చెప్పుకోవాల్సి వస్తుందని 1987లో వెస్ట్, జిమ్మర్‌మన్ అనే అమెరికన్ సోషియాలజిస్టులు రాశారు. ఈ పాఠం చెప్పినప్పుడల్లా నాకు ఆ తలుపు చప్పుడే వినిపిస్తుంది. నేను ఆరోజు తలుపు వేశాను. మూడో రోజు నుంచి వేయలేదు.

అన్నిటికంటే బరువైన సంగతి భూమి. ఇక్కడ తప్పు నాది.

బాపు సొంతంగా కొన్న భూమి మూడెకరాలు. ఆయన వీలునామా లేకుండా పోయాడు. మిగిలిన వారసులం ముగ్గురం: అవ్వ, అక్క, నేను. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం తలా ఒక ఎకరం. తాతల నాటి ఉమ్మడి ఆస్తిలో కూడా కూతుళ్ళకు కొడుకులతో సమానంగా వాటా ఇస్తూ ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లోనే చట్టం తెచ్చింది, దేశమంతా అది 2005లో వచ్చింది. అంటే చట్టం మా దగ్గర ముందే ఉంది. అయినా విరాసత్ (వారసుల పేరు మీదికి పట్టా మార్పు) చేసుకునేటప్పుడు మూడెకరాలూ నా ఒక్కడి పేరు మీదికి వచ్చాయి. అక్క "నాకు అభ్యంతరం లేదు" అని సంతకం పెట్టింది. పెన్ను అందించింది నేనే. కట్నం ఇచ్చినం కదా అని పెద్దలన్నారు. ఆ కట్నం పైసలు బావ వాళ్ళ ఇంటికి పోయాయి. అక్క వాటిని కంటితో కూడా చూడలేదు.

చాలా ఏండ్ల తర్వాత ఒక సద్దుల బతుకమ్మ నాడు, నేను తెచ్చిన గునుగు, తంగేడు పేరుస్తూ అక్క చెప్పింది. "ఆనాడు వాటా అడిగితే ఈ పండుగకు నన్నెవలు పిలుస్తరు తమ్మీ? భూమి వస్తది, తల్లిగారిల్లు పోతది." ఎకరం వదులుకుంది తెలియక కాదు, లెక్క వేసుకునే వదులుకుంది. అన్నదమ్ముల అండ కోసం అక్కచెల్లెళ్ళు భూమి వదులుకోవడం దక్షిణాసియా అంతటా ఉందని ఆర్థికవేత్త బీనా అగర్వాల్ 1994లోనే రాశారు. నేను ఆ రచన చదివి, పరీక్షలో రాసి, మార్కులు కూడా తెచ్చుకున్నాను. మా అక్క గురించి రాస్తున్నానని అప్పుడు తట్టలేదు.

పేరు లేకపోతే ఏం పోతుంది అని కొందరంటారు. 2018లో తెలంగాణ సర్కారు ఎకరాల లెక్కన పెట్టుబడి సాయంగా ఇచ్చిన రైతుబంధు వచ్చినప్పుడు చెక్కు పట్టా ఎవరి పేరు మీదుంటే వాళ్ళకే వచ్చింది. రైతు చనిపోతే ఇంటివాళ్ళకు అయిదు లక్షలిచ్చే రైతుబీమా కూడా పట్టా ఉన్నవాళ్ళకే. అప్పటికి నేను చేను దున్నక ఇరవై ఏండ్లు. మా భూమిలో నాటు వేసి, కలుపు తీసి, కావలి పండింది అవ్వ. సర్కారు లెక్కల్లో రైతును నేను. కాంట పుస్తకంలో నేను రాసింది, పెద్దయ్యాక నా పేరు మీద మళ్ళీ రాసుకున్నాను.

ఖిలా వరంగల్‌కు పిల్లల్ని తీసుకుపోయినప్పుడు రుద్రమదేవి గురించి ఈ సంగతి తప్పకుండా చెబుతాను. గణపతిదేవుడి కూతురు, 1262 ప్రాంతం నుంచి 1289 దాకా ఏలింది. శాసనాల్లో ఆమెను రుద్రదేవ మహారాజు అన్నారు. సింహాసనం ఎక్కడానికి ఆమెకు మగ పేరు కావాల్సి వచ్చింది. పత్తి ఏరినామెకు కూలి రావడానికీ కావాల్సి వచ్చింది.

మీ నాన్నగారితో వాదన పెట్టుకోకండి, ఈ పేర్లూ ఏండ్లూ ఆయన ముందు పెట్టినా లాభం లేదు. ఆయన చిన్నప్పుడు మీ ఊళ్ళో ఏ పని ఎవరు చేసేవాళ్ళో, ఇప్పుడు ఎవరు చేస్తున్నారో అడగండి. ఎక్కడెక్కడ మారిందో ఆయన నోటితోనే చెబుతారు. మారినచోటల్లా కూలి పెరిగిందా తగ్గిందా అని ఇంకొక్క ప్రశ్న అడిగి ఊరుకోండి.

అక్క ఎకరం అక్కకు, అవ్వ ఎకరం అవ్వకు రాసిచ్చేశాను. ఆలస్యమైంది, చేయాల్సిన రోజు చేయలేదు. కొత్త పాసుపుస్తకం ఇంటికి తెచ్చిన రోజు అవ్వ దాన్ని ఒళ్ళో పెట్టుకుని తన ఫొటో మీద వేలు పెట్టింది. ఆమెకు చదువు రాదు. పక్కన రాసింది చదవమంది. ఆమె పేరు చదివాను, దాని కింద తండ్రి లేదా భర్త పేరు అన్నచోట బాపు పేరు చదివాను.

"ముందుగాల నాదేనా?" అని అడిగింది.

"నీదే అవ్వా."

ఇంకోసారి చదవమంది.