ఫ్లాట్ ధర 80 లక్షలైతే ఇన్సూరెన్స్ కూడా 80 లక్షలకేనా?

చెన్నై వేళచ్చేరిలో గ్రౌండ్ ఫ్లోర్ ఫ్లాట్, మార్చిలో పాలసీ రెన్యువల్, కొన్న ధర 80 లక్షలకే చేయించమంటున్నారని అడిగారు కదండీ. అలా చేయించకండి. స్థలం విలువకు బీమా ఉండదు, ఇల్లు మళ్ళీ కట్టడానికి అయ్యే ఖర్చుకే ఉంటుంది. మీ 900 చదరపు అడుగుల కార్పెట్ ఏరియాకి (అంటే గోడల లోపలి స్థలానికి), కట్టే ఖర్చు అడుగుకు 2,500 వేసుకున్నా 22.5 లక్షలు. భారత్ గృహ రక్ష పాలసీలో ఇంటికి బీమా తీసుకుంటే, అందులో 20 శాతం, అంటే 4.5 లక్షలు, సామాన్లకు దానంతటదే వస్తుంది. గరిష్ఠం 10 లక్షలు. వరద నష్టం అందులోనే కవర్ అవుతుంది. మామూలు దొంగతనానికి, నగలకు మాత్రం విడిగా తీసుకోవాలి.

ఇంకో మాట. 2023 డిసెంబరు మిచాంగ్ తుఫానుకి మా ఇంట్లో మోకాలి లోతు నీళ్ళు. బీరువా కింది అరలో పెట్టిన ఫ్రిజ్ బిల్లు నాని ముద్దయిపోయింది, నష్టం లెక్కగట్టే ఇన్సూరెన్స్ సర్వేయరుకు చూపించడానికి ఏమీ మిగల్లేదు. ఆ టెన్షన్ మీకు వద్దు. ఫ్రిజ్ వెనక సీరియల్ నంబర్ స్టిక్కర్‌తో సహా ప్రతి వస్తువునూ ఫోటో తీసి, బిల్లులతో కలిపి మీ మెయిల్‌కే పంపుకోండి. అక్టోబరు వానల దాకా ఆగకండి, ఈ ఆదివారమే కూర్చోండి.