నల్గొండలో ప్రైవేట్ కాలేజీలో డిగ్రీ చదివితే ప్రైవేట్ యూనివర్సిటీ పట్టా వస్తుందా?

రాదు, కాలేజీ ప్రైవేట్‌దైనా అది మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉంటే పట్టా ఇచ్చేది ఆ ప్రభుత్వ యూనివర్సిటీయే.

ఎందుకంటే మన దేశంలో పట్టా ఇచ్చే అధికారం యూనివర్సిటీకి, ఐఐటీల్లాంటి కొన్ని ప్రత్యేక సంస్థలకే ఉంటుంది, మామూలు కాలేజీకి ఉండదు. కాలేజీ పాఠం చెబుతుంది, ఫీజు తీసుకుంటుంది, అంతే. ప్రైవేట్ యూనివర్సిటీ వేరే సంగతి: దాన్ని ట్రస్టో సొసైటీయో పెట్టినా, పుట్టేది మాత్రం రాష్ట్ర చట్టంతోనే. తెలంగాణ ఆ చట్టం 2018లో చేసింది, 2020లో వరంగల్ ఎస్ఆర్, మహీంద్రా, అనురాగ్ లాంటివి యూనివర్సిటీలయ్యాయి. సిలబస్, పరీక్షలు, స్నాతకోత్సవం, పట్టా అన్నీ వాళ్లవే. ఇంకో కాలేజీని మాత్రం అనుబంధంగా చేర్చుకోలేవు, ఈ ఒక్క ముక్క గుర్తుంటే సగం గందరగోళం పోతుంది.

ఉదాహరణకు మిర్యాలగూడలో ఒక ప్రైవేట్ కాలేజీలో బీకాం చేసినవాళ్ల ప్రొవిజనల్ (అసలు పట్టా వచ్చేదాకా ఇచ్చే తాత్కాలిక సర్టిఫికెట్) చూడండి, పైన పెద్ద అక్షరాల్లో ఉండేది 2007లో ఏర్పడ్డ మహాత్మాగాంధీ యూనివర్సిటీ పేరే. మహబూబ్‌నగర్ వైపు అయితే 2008 నాటి పాలమూరు యూనివర్సిటీ.

చాలామంది పొరబడేది 'అటానమస్' అనే మాట దగ్గర. అటానమస్ కాలేజీ సొంతంగా పేపర్ పెట్టుకుంటుంది, ఫలితాలూ ఇస్తుంది, అందుకే అదే యూనివర్సిటీ అనుకుంటారు, కానీ పట్టా మీద యూనివర్సిటీ పేరు ఉండాల్సిందే. పిల్లల్ని చేర్పించే ముందు 'పట్టా ఎవరిస్తారు?' అని ఆఫీసులో సూటిగా అడగండి.