నవగ్రహాలు కుట్టబోతున్న అమ్మలుకు

చి. అమ్మలుకు పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన బొమ్మ చూశాను. తొమ్మిది గ్రహాలూ రథాలెక్కి, కిరీటాలు పెట్టుకుని, చుట్టూ మబ్బులతో బాగానే ఉన్నారు. కుంచెతో వేసేవాళ్లకైతే సరే. గళ్ల కాన్వాస్ మీద దారంతో గడి గడీ నింపే నీడిల్‌పాయింట్‌కు అది పనికిరాదు. నువ్వు కొన్న కాన్వాస్ అంగుళానికి 14 గళ్లది. ఒక్కో గ్రహానికి మూడంగుళాల చదరం ఇచ్చినా నిలువు 42, అడ్డం 42 కుట్లే వస్తాయి. అందులో ఆయుధం, వాహనం, కిరీటం పోగా ముఖానికి మిగిలేది ఎంత? రెండు కళ్లు, ఒక ముక్కు పెట్టేసరికి శనీశ్వరుడూ చంద్రుడూ అన్నదమ్ముల్లా తయారవుతారు.

కాబట్టి ముఖాల జోలికి పోకు. నవగ్రహ పూజకు మండపం వేసేటప్పుడు ఒక్కో గ్రహానికి ఒక్కో ఆకారం చెప్పారు, అవి తీసుకో. సూర్యుడికి గుండ్రం, చంద్రుడికి చతురస్రం, కుజుడికి త్రికోణం, బుధుడికి బాణం, గురుడికి దీర్ఘచతురస్రం, శుక్రుడికి అయిదు కోణాలు, శనికి విల్లు, రాహువుకు చేట, కేతువుకు జెండా. గళ్ల బట్ట మీద కుట్టడానికి ఇంతకంటే తేలికైనవి నువ్వు కూర్చుని ఆలోచించినా తట్టవు. పైగా తెలిసినవాళ్లు చూడగానే గుర్తుపడతారు.

వాటి చోట్లు కూడా మార్చకు. తూర్పు పైకి వచ్చేలా పెట్టుకుంటే పై వరుసలో ఎడమ నుంచి బుధుడు, శుక్రుడు, చంద్రుడు. మధ్య వరుసలో గురుడు, సూర్యుడు, కుజుడు. కింద కేతువు, శని, రాహువు. శని గడి ముందు కుట్టాలా, చివర కుట్టాలా అని మీ అమ్మ అప్పుడే టెన్షన్ పడుతోంది. ఇది గోడకు పెట్టుకునే బొమ్మ, హోమం కాదు. నీ చేతికి ఏది తేలికైతే అది ముందు కుట్టు. నన్నడిగితే చంద్రుడి చతురస్రంతో మొదలుపెట్టమంటాను.

ఇక రంగులు. ఫోన్ తెర మీద చూసి దారం ఆర్డర్ చెయ్యకు. ఒక్కో గ్రహానికి ఒక్కో ధాన్యం ఉంది, ఆ రంగులు చూసి దారం ఎంచుకో. మీ ఊళ్లో ఇండియన్ స్టోర్ ఉందిగా, నవధాన్యాలు తలా గుప్పెడు చిన్న కవర్లలో వేసుకుని దారాల కొట్టుకు వెళ్లు. శుక్రుడూ చంద్రుడూ ఇద్దరూ తెలుపే కదా అని ఒకే దారం కొనేస్తే పై వరుస వెలవెలబోతుంది. చంద్రుడికి బియ్యం తెలుపు, శుక్రుడికి బొబ్బర్ల మీగడ రంగు తీసుకుంటే తేడా తెలుస్తుంది. శనికి నల్లనువ్వుల నలుపు. రాహువువి మినుములు, అవీ నల్లనివే, కానీ ఆయన రంగు పొగ రంగు అంటారు కాబట్టి బూడిద కలిసిన నలుపు వెతుకు. బుధుడికి పెసలు, గురుడికి శనగలు. శనగలు మరీ గోధుమరంగుగా ఉంటే శనగపప్పు పట్టుకెళ్లు, పసుపు బాగా తెలుస్తుంది. సూర్యుడి ధాన్యం గోధుమలే అయినా ఆయన రంగు ఎరుపు. అక్కడ ధాన్యాన్ని పక్కనపెట్టి కాస్త నారింజ కలిసిన ఎరుపు తీసుకో. పక్కనే ఉన్న కుజుడికి కందుల ఎరుపు సరిపోతుంది. కేతువుకు ఉలవలు. ఆయనకు చిత్రవర్ణం, అంటే రంగురంగులు, అని కూడా చెబుతారు కాబట్టి ఒకే పోగులో రంగులు మారే షేడెడ్ దారం వాడే అవకాశం ఆ ఒక్క గడిలోనే ఉంది, వదులుకోకు.

గ్రాఫ్ కాగితం మీద ముందు గీసుకో. గడికి 42 కాకుండా 41 లెక్కపెట్టుకుని, మిగిలింది గడుల మధ్య గీతకు వదులు. బేసి సంఖ్య అయితేనే నట్టనడుమ ఒక కుట్టు వస్తుంది, త్రికోణం కొనా బాణం మొనా అక్కడ కూర్చుంటాయి. సూర్యుడి గుండ్రం పావు వంతు గీసి, అదే నాలుగు వైపులా తిప్పి ఎక్కించు. నాలుగు పావులూ విడివిడిగా గీస్తే గుమ్మడికాయ వస్తుంది.

కుజుడి దగ్గర ఒక చిక్కుంది. నీడిల్‌పాయింట్ మామూలు కుట్టు ఎప్పుడూ కింద ఎడమ నుంచి పైన కుడికి వాలుతుంది. అందుకని త్రికోణం ఎడమ అంచు గీత గీసినట్టు వస్తుంది, కుడి అంచు మెట్లు మెట్లుగా వస్తుంది. నీ చెయ్యి వంకర కాదు, ఆ కుట్టు స్వభావమే అంత. అంతా అయ్యాక రెండంచుల మీదా గీతలా వచ్చే బ్యాక్ స్టిచ్ ఒక వరుస వేస్తే సరిపోతుంది.

నేపథ్యం మొత్తం ఏటవాలు వరుసల్లో కుట్టే బాస్కెట్‌వీవ్‌లోనే నింపు. దారం ఎక్కువ పడుతుంది కానీ బట్ట ఒక పక్కకు లాగదు. వెనక దారం తక్కువ పడే హాఫ్ క్రాస్‌తో నింపితే చదరంగా మొదలుపెట్టింది ఏటవాలుగా తేలుతుంది. నల్లదారాన్ని తెల్లగడి వెనకనుంచి లాక్కుపోకు, ముందుకు కనిపిస్తుంది. ఎంబ్రాయిడరీ కాటన్ దారంలో ఉండే ఆరు పోగులూ కలిపి వేసినా 14 కాన్వాస్ పూర్తిగా కప్పుతుందో లేదో అంచులో అంగుళం కుట్టి చూసుకో. సందుల్లో తెలుపు కనిపిస్తే ఊలుకు మారు.

తర్వాత రాశిచక్రం కుడతానన్నావు. నెట్‌లో దొరికే మకరం మేక తల, చేప తోక. అది పడమటివాళ్లది. వాళ్ల కథలు కుట్టాలంటే అవే కుట్టు, గ్రీకు వీరుడు హెరాక్లీస్ చంపిన సింహం, అతని కాలి కింద నలిగిన పీత, అన్నీ ముచ్చటైనవే. రెండూ కలపకు, అంతే. మనవి కావాలంటే పాతకాలపు జ్యోతిష పండితుడు వరాహమిహిరుడు తన బృహజ్జాతకం అనే గ్రంథంలో రాశుల రూపాలు చెప్పాడు. మకరానికి లేడి ముఖం. మిథునం అంటే గద పట్టిన మగవాడు, వీణ పట్టిన ఆడమనిషి. కన్య పడవలో ఉంటుంది, చేతుల్లో పైరు వెన్ను, నిప్పు. ఆ కన్యను కుట్టినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని నాకు భలే కుతూహలం. మనుషులు వచ్చారు కాబట్టి దానికి 18 గళ్ల కాన్వాస్ కొను. ముఖాలు తోలుబొమ్మల్లా పక్కకు తిప్పి, ఒక్క పెద్ద కన్ను పెట్టు.

రాశులైతే కుషన్ కవర్ చేసుకో, ఎవరూ ఏమీ అనరు. నవగ్రహాలను మాత్రం కూర్చునే చోట పెట్టకు. మూఢనమ్మకం అంటావేమో, అను. ఫ్రేమ్ కట్టించు. కట్టించే ముందు తడిపి, చెక్క మీద చదరంగా లాగి పిన్నులు గుచ్చి, పూర్తిగా ఆరనివ్వు. ఆ ఎరుపులు రెండూ రంగు దిగుతాయేమో కుట్టకముందే తడి తెల్లగుడ్డకు రుద్ది చూడు. నాలుగు వైపులా రెండేసి అంగుళాలు ఖాళీ బట్ట వదలకపోతే ఫ్రేమ్ కట్టేవాడు నీ అంచు కుట్లు మింగేస్తాడు.

గ్రాఫ్ గీయగానే ఫొటో తీసి పంపు. దారం కత్తిరించకముందే.

పెద్దమ్మ