పాత గేమింగ్ కంప్యూటర్‌కు డాలర్లు పెట్టవచ్చా?

డాలస్‌లో ఎం.ఎస్. చదవడానికి ఆగస్టులో బయలుదేరుతున్న ఒక విద్యార్థి అడిగిన సందేహం ఇది. 2017లో సికింద్రాబాద్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో అసెంబుల్ చేయించుకున్న గేమింగ్ కంప్యూటర్ ఆయన దగ్గర ఉంది: ఇంటెల్ ఐ5-7400 ప్రాసెసర్, జీటీఎక్స్ 1050 టీఐ గ్రాఫిక్స్ కార్డు, 16 జీబీ డీడీఆర్4 ర్యామ్, ఒక ఎస్‌ఎస్‌డీ. దానిని వెంట తెచ్చుకుని ఇక్కడ అమెరికాలో మంచి కార్డు వేసుకుంటే సరిపోతుందా, లేక వదిలేసి రావడమే మేలా అని అడిగారు. ఏటా ఎవరో ఒకరు ఇదే అడుగుతున్నారు కనుక కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందుగా కరెంటు సంగతి. మన దగ్గర 230 వోల్టులు, ఇక్కడ 120 వోల్టులు. కంప్యూటర్ వెనుక పవర్ సప్లై మీద అతికించిన చీటీలో ఇన్‌పుట్ 100-240 అని ఉంటే ఏ ఇబ్బందీ లేదు. ఇక్కడి గోడ ప్లగ్గుకు సరిపోయే తీగ కొద్ది డాలర్లకే దొరుకుతుంది, బరువైన ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు. 200-240 అని మాత్రమే ఉంటే అది ఇక్కడ పనికిరాదు. కొన్ని పాత వాటికి వెనుక ఎర్రటి మీట ఉంటుంది. ఇక్కడ దానిని 115కు మార్చాలి, తిరిగి ఇండియాకు తీసుకెళ్తే ప్లగ్గు పెట్టే ముందే 230కి మార్చాలి. ఆ రెండో పని మరచిపోతే పవర్ సప్లై కాలిపోతుంది.

ఇక అసలు విషయానికి వస్తే, నేను 2012లో వచ్చినప్పుడు నా వెంట కోర్ 2 క్వాడ్ కంప్యూటర్ తెచ్చుకున్నాను. తొలి జీతం చేతికి రాగానే 200 డాలర్లకు పైగా పెట్టి జీటీఎక్స్ 660 కార్డు కొన్నాను. ఖాళీ మైదానంలో ఆట చక్కగా నడిచేది, జనం నిండిన వీధిలోకి అడుగు పెట్టగానే బొమ్మ ఆగి ఆగి కదిలేది. చూస్తే ప్రాసెసర్‌లో లెక్కలు చేసే నాలుగు కోర్లూ నూటికి నూరు శాతం పనిలో ఉన్నాయి, కార్డు మాత్రం సగం ఖాళీగా ఉంది. ప్రాసెసర్ మారుద్దామంటే మదర్‌బోర్డు మార్చాలి, బోర్డు మార్చగానే డీడీఆర్2 ర్యామ్ పనికిరాదు, డీడీఆర్3 కొనాలి, ఆ తరువాత పవర్ సప్లై చాలలేదు. మూడు నెలలు గడిచేసరికి పాతదాంట్లో క్యాబినెట్ ఒక్కటే మిగిలింది. విడివిడిగా పెట్టిన డబ్బు మొత్తం కలిపితే కొత్త కంప్యూటర్ ధరను దాటిపోయింది. అందుకే మొదటి భాగం కొనే ముందే చివరి భాగం దాకా లెక్క కాగితం మీద వేసుకోమని అందరికీ చెబుతాను. విద్యార్థికి డబ్బు ఎప్పుడూ కటకటే: విద్యార్థి వీసా మీద తరగతులు జరిగే కాలంలో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పని చేయడానికి వీలుండదు, ఇంటి దగ్గర చదువు కోసం తీసుకున్న రుణం మీద వడ్డీ నడుస్తూనే ఉంటుంది.

మీ కంప్యూటర్‌లో ఏ భాగం అలసిపోయిందో బయలుదేరే ముందే చూసుకోవచ్చు. ఆట నడుస్తుండగా, ఏ భాగం ఎంత పనిచేస్తోందో చూపే టాస్క్ మేనేజర్ తెరవండి. గ్రాఫిక్స్ కార్డు 95 శాతం దాటి పనిచేస్తుంటే లోపం కార్డులో ఉంది. కార్డు తీరికగా ఉండి ఆట తడబడుతుంటే చాలావరకు ప్రాసెసర్‌నే అనుమానించాలి. ఆటలో రిజల్యూషన్ (బొమ్మ స్పష్టత) 720కి తగ్గించినా వేగం పెరగకపోతే ఆ అనుమానం దాదాపు నిజమైనట్టే.

నా అంచనాలో మీ దగ్గర రెండూ అలసిపోయాయి. ఐ5-7400 ఏడో తరానిది; దానికి ఉన్నవి నాలుగు కోర్లు, నాలుగు థ్రెడ్లు (ఒకేసారి నడపగల పనులు) మాత్రమే. అదే బోర్డులో వేయగలిగినది మహా అయితే ఐ7-7700 లేదా 7700కే; ఎనిమిదో తరం ప్రాసెసర్లకు సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే గూడు) పేరు అదే అయినా ఇంటెల్ వేరే బోర్డు పెట్టింది. పైగా విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా సదుపాయంతో పాటు కనీసం ఇంటెల్‌లో ఎనిమిదో తరం, దాని పోటీ కంపెనీ ఏఎండీలో రైజెన్ 2000 శ్రేణి ప్రాసెసర్ ఉండాలి. ఏడో తరంలో దాదాపు ఏదీ ఆ జాబితాలో లేదు. ఆ బోర్డు మీద ఐ7 కోసం డబ్బు పెట్టడం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు.

అయితే మీ ర్యామ్ విలువైనది. 2025 చివరి నెలల నుంచి మెమరీ (ర్యామ్) ధరలు విపరీతంగా పెరిగాయి. ఏఎండీ వారి కొత్త ఏఎం5 బోర్డులు డీడీఆర్5 తప్ప మరొకటి తీసుకోవు. దానికి ముందున్న ఏఎం4 బోర్డు డీడీఆర్4తోనే నడుస్తుంది. కాబట్టి ఏఎం4 బోర్డు, ఆరు కోర్ల రైజెన్ 5 5600, 120 వోల్టులకు పనిచేసే పవర్ సప్లై, ఒక మామూలు క్యాబినెట్ ఇక్కడ కొని, మీ ర్యామ్, మీ ఎస్‌ఎస్‌డీ అందులో పెట్టుకోవడం నేను ఇచ్చే సలహా. డాలస్‌లో మైక్రో సెంటర్ అనే కంప్యూటర్ భాగాల దుకాణం ఉంది. వస్తువు చూసి కొనుక్కోవచ్చు. ధర చూసేటప్పుడు 8.25 శాతం అమ్మకం పన్ను కూడా కలుపుకోండి, చీటీ మీద వేసిన ధరలో అది ఉండదు.

గ్రాఫిక్స్ కార్డును మొదటి సెమిస్టర్ అయ్యాక, ఎవరైనా వాడినది కొనండి. 8 జీబీ ఆర్‌ఎక్స్ 6600 గానీ 12 జీబీ ఆర్‌టీఎక్స్ 3060 గానీ చాలు. కార్డు నడుస్తుండగా కనీసం పావుగంట ఆట ఆడించి చూడండి, ఫ్యాన్ల చప్పుడు వినండి, తెర మీద చారలు వస్తున్నాయేమో గమనించండి. వస్తువు చేతికి రాకముందే జెల్‌లో (బ్యాంకు ఖాతా నుంచి నేరుగా డబ్బు పంపే సేవ) డబ్బు పంపవద్దు. పంపిన డబ్బు వెనక్కి రాబట్టుకోవడం చాలా కష్టం. మీరు ఆడేది వాలరంట్ వంటి తేలిక ఆటలే అయితే మాత్రం ఆ కార్డు కూడా ఇప్పట్లో అక్కర్లేదు.

రైజెన్ 5 5600లో సొంత గ్రాఫిక్స్ లేవు కాబట్టి, తెర రావడానికైనా మీ 1050 టీఐని వెంట తెచ్చుకోండి. ఆ రకం కార్డులు చాలావాటికి విడిగా కరెంటు తీగ కూడా అవసరం లేదు. దానిని బోర్డులో బిగించి ఉంచి పెట్టెలో వేయవద్దు, విమానంలో పెట్టెలు విసిరే తీరుకు స్లాట్ విరిగిపోతుంది. విప్పి, యాంటీ స్టాటిక్ (స్థిర విద్యుత్తు తగలనివ్వని) కవరులో పెట్టి, ర్యామ్, ఎస్‌ఎస్‌డీలతో పాటు క్యాబిన్ బ్యాగులో సర్దుకోండి. మిగిలిన కంప్యూటర్‌ను ఇంట్లో తమ్ముడికో చెల్లెలికో ఇచ్చి రండి. ఐ5-7400కు సొంత గ్రాఫిక్స్ ఉన్నాయి కనుక కార్డు తీసినా తెర వస్తుంది, ఒక చిన్న ర్యామ్ స్టిక్, ఒక ఎస్‌ఎస్‌డీ మాత్రం వారికి కొనిపెట్టాలి.