ముగ్గురు పిల్లలుంటే సర్పంచ్‌గా పోటీ చేయొద్దన్న పాత నిబంధన న్యాయమైనదేనా?

కాదు. మా చిన్నక్క నామినేషన్ పోయింది ఆ నిబంధన వల్లే, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

అక్కను ఇచ్చింది పరకాల దగ్గరి ఊరికి. అక్కడ మహిళా సంఘాలను నిలబెట్టింది ఆమే. బ్యాంకు లోను కావాలన్నా, కిస్తీ కట్టని ఇంటికి పోయి నచ్చజెప్పాలన్నా అందరూ ఆమె గడపకే వచ్చేవాళ్లు. 2019 జనవరి పంచాయతీ ఎన్నికల్లో సర్పంచ్ పదవి బీసీ మహిళకు రిజర్వ్ కాగానే ఊళ్లో సగం మంది నోట ఆమె పేరే వినిపించింది.

పరిశీలన రోజు నేనూ వెంట పోయిన. నామినేషన్ కాగితాలు నింపిన పెద్దమనుషులు పిల్లల సంగతి రాయాల్సిన చోట దాటేశారు. అవతలి వర్గం మనిషి మూడో పిల్లవాడి బర్త్ సర్టిఫికెట్ జిరాక్స్ తెచ్చి రిటర్నింగ్ అధికారి ముందు పెట్టాడు. ముందు రోజు రాత్రి నుంచీ మావాళ్లే కొందరు అక్క చెవిలో ఊదుతున్నారు: ‘‘పిలగాడు మీ మరిది కొడుకని చెప్పు, అయిపోతది.’’ అధికారి మర్యాదగానే అడిగాడు, ‘‘అమ్మా, ఈ బాబు మీ కొడుకేనా?’’ అక్క తల దించలేదు. ‘‘నా కొడుకే సారూ. కన్న కొడుకును కాదని ఎట్లంట?’’ అన్నది. నామినేషన్ తిరస్కరించారు. ఆర్డీవోకు అప్పీలు చేసుకోవచ్చన్నారు, దానికి మర్నాడు ఒక్కరోజే గడువు. కొడుకు కాదని రాస్తే తప్ప అప్పీలులో రాయడానికి ఏముంది?

ఇద్దరు ఆడపిల్లలు పుట్టాక ఆపరేషన్ చేయించుకుంటానన్నది అక్కే. వద్దన్నది అత్తగారిల్లు, కొడుకు కావాలని. మూడో కాన్పు ఆమె నిర్ణయం కానే కాదు, శిక్ష మాత్రం ఆమెకు పడింది. మన పంచాయతీల్లో సగం సీట్లు ఆడవాళ్లకు ఇచ్చి, ఇంట్లో వాళ్ల మాట చెల్లని విషయానికే వాళ్లను అనర్హులను చేస్తే ఆ రిజర్వేషన్ దేనికి?

అక్కడ గెలిచినామె పేరు బోర్డు మీదే ఉండేది, కుర్చీలో కూర్చున్నది ఆమె భర్త. సంతకం కూడా ఆయనే పెట్టేవాడని ఊరంతా అనుకునేది. దాన్ని ఏ చట్టమూ పట్టుకోలేదు.

ఈ నిబంధన 1994 పంచాయతీరాజ్ చట్టం నాటిది. తెలంగాణ వచ్చాక 2018లో చేసిన కొత్త చట్టంలోనూ ఉంచారు. పంచాయతీలకు ఎవరు అనర్హులో చట్టం చేసే అధికారాన్ని రాజ్యాంగం 243ఎఫ్ అధికరణ రాష్ట్రాలకు ఇచ్చింది. హర్యానాలోని ఇలాంటి నిబంధనను 2003లో సుప్రీంకోర్టు సమర్థించింది, బిడ్డను దత్తత ఇచ్చినా అనర్హత పోదని కూడా చెప్పింది. అయినా మా దిక్కు ఎన్నికలొస్తే చాలు దత్తత కాగితాలు తయారయ్యేవి. పసిపిల్లలను అట్లా కాగితాల మీద చేతులు మార్పించే పాపం ఈ నిబంధనదే.

అసలు కోపం ఎక్కడొస్తుందంటే, ఎమ్మెల్యేకు, ఎంపీకి పిల్లల లెక్క లేదు. వాళ్ల అనర్హతలు చెప్పే రాజ్యాంగం 191, 102 అధికరణల్లో ఆ మాటే లేదు. పైగా 2013 జులైలో సుప్రీంకోర్టు కొట్టేసేదాకా, రెండేళ్లు జైలు శిక్ష పడ్డ ఎమ్మెల్యే కూడా మూడు నెలల్లో అప్పీలు వేసుకుంటే పదవిలోనే కొనసాగేవాడు. మా పక్క వేములవాడ సంగతే చూడండి. అక్కడ ఎమ్మెల్యేగా ఉన్న చెన్నమనేని రమేశ్ పౌరసత్వం మీద తగాదా 2009లో గెలిచినప్పటి నుంచీ నడిచింది. ఆయన జర్మనీ పౌరుడేనని హైకోర్టు తేల్చి 30 లక్షల రూపాయలు కట్టమన్నది 2024 డిసెంబరులో. అప్పటికి 2018లో గెలిచిన పదవీకాలం కూడా పూర్తయిపోయింది. పౌరుడా కాదా అన్న మొదటి ప్రశ్నకే అంత కాలం పట్టిన దేశంలో, మా అక్క సంగతి ఒక్క పూటలో తేలిపోయింది.

2024లో ఆంధ్రప్రదేశ్ ఈ నిబంధనను ఎత్తేసింది. 2025 అక్టోబరులో మన మంత్రివర్గమూ ఎత్తేయాలని నిర్ణయించింది. మంచిదే. కానీ ఆంధ్రలో చెప్పిన కారణం జననాల రేటు పడిపోతున్నదని. అంటే అప్పుడు ఎక్కువ కన్నారని ఆపారు, ఇప్పుడు తక్కువ కంటున్నారని వదిలారు. ఆడవాళ్లకు అన్యాయం జరిగిందని మాత్రం ఎవరూ అనలేదు. ఆ మాట ప్రభుత్వం అసెంబ్లీలో నిలబడి అనాలి, పేర్లు కొట్టేయించుకున్న వాళ్లు ఊరూరా ఉన్నారు.