మీ అమ్మ నొక్కే బటన్ దగ్గర మొదలుపెట్టు

ఒరేయ్ చిన్నా,

నీ మెసేజ్ చూశాను. మియాపూర్ ఫ్లాట్‌లో హాల్లోకి మ్యూజిక్ ప్లేయర్ పెట్టాలి, మీ నాన్న దాచుకున్న సీడీలు, క్యాసెట్లు అన్నీ అందులోకి ఎక్కించాలి, ఏ డాక్ కొనమంటావు మామయ్యా అని అడిగావు. డాక్ సంగతి, అంటే డిజిటల్ పాటని స్పీకర్లకి పనికొచ్చే శబ్దంగా మార్చే ఆ ముక్క సంగతి, తర్వాత చూద్దాం. ముందు ఒకటి చెప్పు, ఆ ఇంట్లో పాటలు పెట్టుకునేది ఎవరు? నువ్వు పొద్దున తొమ్మిదింటికి ఆఫీసుకి పోతే రాత్రి తొమ్మిదికి గానీ ఇంటికి రావు. రోజంతా ఇంట్లో ఉండేది మీ అమ్మానాన్నలు. మా చెల్లికి వాట్సాప్ తప్ప ఇంకో యాప్ తెరవాలంటే చిరాకు, పైగా కళ్లజోడు ఎప్పుడూ వంటింట్లోనే మర్చిపోతుంది. అంటే నువ్వు కొనేది నీకోసం కాదు.

ఈ ముక్క నాకు ఆలస్యంగా తెలిసింది. పద్మారావు నగర్ ఇంట్లో మొదటిసారి పెట్టినప్పుడు నేనూ నీలాగే బోర్డులూ కేబుళ్లూ చదివి చదివి, ఏది ఎంత శుభ్రంగా వినిపిస్తుందో రాత్రుళ్లు కూర్చుని పోల్చి చూసి, అన్నీ అమర్చి మీసం మెలేశాను. మూడు నెలలయ్యాక చూస్తే మీ అత్తయ్య ఇంకా వంటింటి గూట్లో ఉన్న చిన్న రేడియోనే వింటోంది. ఏమిటే ఇది అంటే, "అది మోగాలంటే మిమ్మల్ని పిలవాలి, మిమ్మల్ని పిలిచేకంటే ఇది తిప్పుకోవడం తేలిక" అంది. ఇక నోరెత్తలేదు నేను.

కాబట్టి మొదటి ఖర్చు రిమోట్ మీద పెట్టు. కొత్తది కొనమని కాదు, అటక మీద పాత డీవీడీ ప్లేయర్ రిమోట్ ఏదో ఒకటి ఉండే ఉంటుంది. మూడు కాళ్లుండే ఇన్‌ఫ్రారెడ్ రిసీవర్ అని చిన్న ముక్క దొరుకుతుంది, 38 కిలోహెర్ట్జ్ ది అడుగు, ఇంటి రిమోట్లు చాలావరకు దానికే పలుకుతాయి. దాన్ని ప్లేయర్ బోర్డు పిన్నులకి తగిలించి, ఏ బటన్‌కి ఏ పనో ఒకసారి నేర్పించాలి, ఒక సాయంత్రం పట్టే పని. ప్లే, ఆపు, తర్వాతి పాట, వాల్యూమ్ పెంచు, తగ్గించు, అంతే, మిగతా బటన్ల మీద నల్ల టేపు అంటించెయ్. నవ్వకు, మా ఇంట్లో ఇప్పటికీ అలాగే ఉంది. సర్వర్ సాఫ్ట్‌వేర్ (దాని సంగతి కింద చెప్తాను) సెట్టింగుల్లో పవర్ ఆన్ రెజ్యూమ్ అని ఒకటుంటుంది, నిన్న ఎక్కడ ఆగిందో అక్కణ్నుంచే మొదలయ్యేలా దాన్ని పెట్టుకో. మీ అమ్మ ప్లే నొక్కగానే ఏదో ఒకటి మోగాలి, తెర మీద వెతుక్కునే పని ఉండకూడదు.

ఇప్పుడు సామాను. ప్లేయర్‌కి రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డు చాలు, రెండు జీబీ మెమరీ ఉన్నదే ఎక్కువ. పై 5 జోలికి పోకు, అది ఇంకా పెద్ద అడాప్టర్ అడుగుతుంది, పాటలు మోగించడానికి అంత బలం అక్కర్లేదు. పై 4కి హెడ్‌ఫోన్ రంధ్రం ఉంది కదా, దాన్నే యాంప్‌కి, అంటే స్పీకర్లని మోగించే యాంప్లిఫయర్‌కి, తగిలిస్తే పోదా అనుకుంటావు, దాని శబ్దం అంతంత మాత్రం, అందుకే పైన బిగించే డాక్ బోర్డు ఒకటి తీసుకో, యూఎస్‌బీ డాక్ అయినా సరే. మధ్యరకంది చాలు. నీ స్పీకర్లకీ హాల్లో ఫ్యాన్ చప్పుడుకీ అంతకుమించి తేడా తెలియదు, ఈ మాట అంటే కోపం వచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు, రానీ. వైర్లు, చిన్న యాంప్లిఫయర్ లాంటివి కోఠి గుజరాతీ గల్లీలో చూడు, కంప్యూటర్ సామానుకి సికింద్రాబాద్ పార్క్‌లేన్ దగ్గర సీటీసీ కాంప్లెక్స్.

అడాప్టర్ దగ్గర మాత్రం పిసినారితనం చూపించకు. పై 4కి 5 వోల్టులు, 3 ఆంపియర్లు నికరంగా ఇచ్చేది కావాలి. నాకు ఒక షాపతను "అన్నీ ఒకటే సార్" అని ఫోన్ చార్జర్ అంటగట్టాడు, నేనూ సరే అన్నాను. పదిహేను రోజులు పాట మధ్యలో టక్ టక్ మని తెగిపోవడం, ఉన్నట్టుండి మళ్లీ మొదట్నుంచి ఆన్ అవడం. కార్డు మార్చాను, వైఫై మార్చాను, సాఫ్ట్‌వేర్ మూడుసార్లు ఎక్కించాను. చివరికి టీవీకి తగిలించి చూస్తే తెర మూల చిన్న మెరుపు గుర్తు, అంటే కరెంటు చాలడం లేదని అది మొత్తుకుంటోంది! ఇంకోటి, ఆ పెట్టెని గాజు షోకేసులో కొండపల్లి బొమ్మల పక్కన పెట్టి తలుపు మూసెయ్యకు. మే నెలలో అది ఉడికిపోతుంది, 80 డిగ్రీలు దాటితే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది.

సాఫ్ట్‌వేర్లు చాలా ఉన్నాయి, వాల్యూమియో, మూడ్, ఇంకా ఏవేవో, అన్నీ బాగానే ఉంటాయి. నేను మాత్రం లిరియన్ మ్యూజిక్ సర్వర్ పక్షం, పాటలన్నీ ఒకచోట ఉంచుకుని ఇంట్లో ప్లేయర్లకి పంపేది అది. దాని కథ నీకు తెలియాలి. స్లిమ్ డివైసెస్ అనే చిన్న కంపెనీ స్క్వీజ్‌బాక్స్ అని ప్లేయర్లు చేసేది, 2006లో లాజిటెక్ దాన్ని కొనుక్కుంది, 2012లో ఆ పెట్టెల తయారీ ఆగిపోయింది. చిత్రం ఏమిటంటే రాస్ప్‌బెర్రీ పై బజార్లోకి వచ్చిందీ 2012లోనే. సాఫ్ట్‌వేర్ ఓపెన్ సోర్స్ కావడంతో ఇష్టం ఉన్నవాళ్లు దాన్ని వదలకుండా పెంచుకొచ్చారు, ఇప్పుడు లిరియన్ అన్న పేరుతో నడుస్తోంది. కంపెనీ వదిలేసినా మన పాటలు ఆగలేదు. కంపెనీ యాప్ ఆగితే మొత్తం మూగబోయే పెట్టెలు నా అటక మీద రెండున్నాయి, అందుకే ఈ పక్షపాతం.

ఆ పాటలు అందుకుని మోగించే ప్లేయర్ బోర్డులో పీకోర్‌ప్లేయర్ అనే సాఫ్ట్‌వేర్ వేసుకో. ఎందుకో చెప్తాను, అసలు కారణం మీ నాన్న. రాత్రి పడుకునే ముందు ఇంట్లో స్విచ్చులన్నీ టకటకా కట్టేసే అలవాటు ఆయనది, ఆ కాలం మనిషి, మా నాన్నా అంతే. మామూలు సిస్టమ్ అయితే ఎస్‌డీ కార్డు మీద ఏదో రాస్తూ ఉంటుంది, ఆ క్షణంలో కరెంటు పోతే కార్డు పాడవుతుంది. నావి రెండు కార్డులు అలాగే పోయాయి. పీకోర్‌ప్లేయర్ ఆన్ కాగానే సిస్టమ్ మొత్తాన్నీ మెమరీలోకి తెచ్చుకుని అక్కణ్నుంచే నడుస్తుంది, కార్డుని ఊరికే కెలకదు. పాటలు, సర్వర్ ఉండే పెట్టె ఇంకొకటి, దాన్ని వేరేగా రూటర్ పక్కనే పెట్టి ఇన్వర్టర్ లైన్ మీద ఉంచు, ఆ స్విచ్చి మీద మాత్రం "నాన్నా, ఇది కట్టొద్దు" అని కాగితం అంటించు. హాల్లో ప్లేయర్‌ని ఆయన ఎన్నిసార్లు కట్టేసినా ఫరవాలేదు.

పీకోర్‌ప్లేయర్ సెట్టింగుల్లో నీ డాక్ పేరేమిటో లిస్టులోంచి ఎంచుకోవాలి. తప్పు పేరు ఎంచుకున్నావంటే పాట నడుస్తున్నట్టే కనిపిస్తుంది గానీ చప్పుడు రాదు, స్పీకర్ వైర్లు పీకి చూడకముందు ఇది చూసుకో. సెట్టింగ్ మార్చాక సేవ్ కొట్టడం మర్చిపోకు, అది మెమరీలో నడిచేది కదా, సేవ్ చెయ్యకపోతే తెల్లారేసరికి మొదటికి వస్తుంది.

నెట్‌వర్క్ విషయంలో అయ్యే పనైతే సర్వర్‌కి లాన్ కేబుల్ వెయ్యి. అపార్ట్‌మెంట్లలో 2.4 గిగాహెర్ట్జ్ వైఫై అంటే ఆదివారం మోండా మార్కెట్టే, అందరి రూటర్లూ ఒకేసారి అరుస్తుంటాయి. హాల్ ప్లేయర్‌కి 5 గిగాహెర్ట్జ్ అందితే అది వాడు, మధ్యలో రెండు గోడలుంటే మళ్లీ 2.4 ఏ దిక్కు, అప్పుడు చానల్ 1, 6, 11లో ఖాళీగా ఉన్నది పెట్టుకో. రూటర్ సెట్టింగుల్లోకి వెళ్లి సర్వర్‌కి ఒకే ఐపీ అడ్రస్ ఎప్పటికీ ఉండేలా రిజర్వ్ చెయ్, లేకపోతే రూటర్ ఆపి వేసిన రోజల్లా ప్లేయర్ కనిపించడం లేదని నీకు ఆఫీసుకి ఫోన్ వస్తుంది. ఫోన్ బ్రౌజర్లో ఆ అడ్రస్ కొట్టి చివర 9000 పోర్టు చేరిస్తే అంతా కనిపిస్తుంది, మెటీరియల్ స్కిన్ అనే ప్లగిన్ వేస్తే ఫోన్‌కి సరిగ్గా సరిపోతుంది, దాన్ని హోమ్ స్క్రీన్ మీద బొమ్మలా పెట్టుకో.

ఒక తమాషా కూడా చెప్పాలి. ఇంటర్నెట్ పోయిన రోజు, ఇంట్లో పాటలు ఇంట్లోనే ఉన్నా, ఫోన్‌లో మాత్రం ఏమీ రాదు. ఎందుకంటే వైఫైలో నెట్ లేదని ఫోన్ దాన్ని వదిలేసి చడీచప్పుడు లేకుండా మొబైల్ డేటాకి మారిపోతుంది, అక్కణ్నుంచి మన సర్వర్ కనిపించదు. ఆ కాసేపు మొబైల్ డేటా ఆపితే సరి. ఇది తెలియక నేను ఒక వర్షం రోజు మధ్యాహ్నమంతా రూటర్‌ని తిట్టాను. రిమోట్‌కి ఈ గొడవ లేదు, చూశావా.

ఇక వాల్యూమ్. వాల్యూమ్ ఫోన్‌లో ఒకటి, ప్లేయర్‌లో ఒకటి, యాంప్‌కి ఒకటి ఉంటే ఇంట్లో గొడవలే. యాంప్ నాబ్‌ని ఒకచోట నిలిపెయ్, ఎక్కడంటే, ప్లేయర్ వాల్యూమ్ పూర్తిగా పెంచినా మీ పక్క ఫ్లాట్ వాళ్లు తలుపు కొట్టనంత చోట. అక్కడ మీ అమ్మ గోళ్ల రంగుతో ఒక చుక్క పెట్టు. ఆ తర్వాత అన్నీ రిమోట్‌తోనే. డిజిటల్‌గా వాల్యూమ్ తగ్గిస్తే నాణ్యత పోతుంది అని నీకు ఎవరో ఒకరు చెప్తారు, 6 డెసిబెల్స్ తగ్గిస్తే ఒక బిట్ పోయేమాట నిజమే, కానీ సీడీ 16 బిట్లు, డాక్ 24 బిట్లు తీసుకుంటుంది, మనకి కావలసినంత ఖాళీ ఉంది. టెన్షన్ పడకు.

ఈ చుక్క ఎందుకంటే, సర్వర్‌లో అలారం ఉంది. పొద్దున అయిదున్నరకి సుప్రభాతం తనంతట తనే మొదలవుతుంది, మీ అమ్మకి ఇదొక్కటి చూపించావంటే మిగతా పెట్టె మొత్తం ఆవిడకి నచ్చేస్తుంది. నేను పెట్టిన మొదటి రోజు ముందు రాత్రి యాంప్ ఎక్కడ వదిలేశానో చూసుకోలేదు. తెల్లవారుజామున మోగిన మోతకి కింద వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చాడు, మూడో అంతస్తు ఆవిడ వారం రోజులు నాతో మాట్లాడలేదు. అలారానికి వాల్యూమ్ విడిగా పెట్టుకోవచ్చు, మెల్లగా పెరిగేలా ఫేడ్ ఇన్ కూడా ఉంది. రెండూ పెట్టు.

పాటలు ఎక్కించడం అసలు పని, మిగతాదంతా ఒక ఆదివారంలో అయిపోతుంది. సీడీలని ఫ్లాక్ అనే ఫైలు రకంలోకి తియ్యి, గంట సీడీ దాదాపు 600 ఎంబీ అయితే ఫ్లాక్‌లో సుమారు సగానికి దిగుతుంది, ఒక్క చుక్క కూడా పోదు. అయిదొందల సీడీలున్నా 500 జీబీ డిస్కులో పట్టేస్తాయి. ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే సాఫ్ట్‌వేర్‌తో తియ్యి, గీతలున్న సీడీల దగ్గర అదే నమ్మకం. అయితే ట్యాగులు, అంటే ఫైలు లోపల ఉండే పాట, గాయకుడి వివరాలు, ఎక్కించేటప్పుడు ఒకే గాయకుడి పేరు నాలుగు స్పెల్లింగులతో వచ్చి పడుతుంది, ఘంటసాల గారు నలుగురు మనుషులై కూర్చుంటారు. మొదటి రోజే ఒకటి ఖాయం చేసుకో. నా మాట వింటే తెలుగు లిపిలోనే రాయి, ఫ్లాక్ ట్యాగులకి యూనికోడ్ సమస్య లేదు, అప్పుడు మీ అమ్మ ఫోన్ కీబోర్డులో మైకు నొక్కి "బాలమురళీకృష్ణ" అని పలికినా దొరుకుతుంది. సినిమా పాటలకి ఆల్బమ్ ఆర్టిస్ట్ అన్న చోట సంగీత దర్శకుడి పేరు పెట్టు, ఖాళీగా వదిలేస్తే ఒకే సినిమా గాయకుల లెక్కన అయిదు ముక్కలు కావచ్చు. పాత పాటలు మెల్లగా, కొత్తవి గట్టిగా ఉంటాయి కదా, ఫూబార్2000 అనే సాఫ్ట్‌వేర్‌లో రీప్లేగెయిన్ ఒకసారి వేస్తే ఆ ఎగుడుదిగుడు పోతుంది. కచేరీలు వినేటప్పుడు క్రాస్‌ఫేడ్ మాత్రం ఆపెయ్, ఆలాపన చివర మీద కృతి ఎక్కి తొక్కుతుంటే మీ నాన్న ఆ పెట్టెని బాల్కనీలోంచి పారేస్తారు.

క్యాసెట్లు అన్నీ ఎక్కించకు. గంట క్యాసెట్‌కి గంటే పడుతుంది, రెండొందలున్నాయంటే రెండొందల గంటలు. బయట దొరికే వాటిని వదిలెయ్, ఎక్కడా దొరకనివి ఏరు, మీ నాన్న త్యాగరాయ గానసభలో కూర్చుని రికార్డు చేసుకున్నవి, రేడియోలోంచి పట్టినవి, మీ నాయనమ్మ మంగళహారతి పాడింది ఒకటుండాలి, దాని మీద ఎర్ర ఇంకుతో రాసి ఉంటుంది. ముందు డెక్ హెడ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో దూదితో తుడువు. పని చేస్తుందో లేదో చూడటానికి పనికిరాని క్యాసెట్ ఒకటి పెట్టి చూడు, ఆ ఎర్ర ఇంకుది కాదు, బెల్టు పాతబడిన డెక్ టేపుని నమిలేస్తుంది. ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో రికార్డు చేసేటప్పుడు బాగా పెద్ద శబ్దం కూడా మైనస్ 6 డెసిబెల్స్ దగ్గరే ఆగేలా చూసుకో. నాయిస్ తీసేసే బటన్ ఉంటుంది, దాన్ని మరీ తిప్పితే మనిషి గొంతు బావిలోంచి వచ్చినట్టు ఉంటుంది. టేపు బుస కొంచెం ఉండనీ, చెవి రెండు నిమిషాల్లో మర్చిపోతుంది.

అన్నీ అయ్యాక డిస్కు ఇంకొక కాపీ చేసి నాకిచ్చెయ్, నా బీరువాలో ఉంటుంది. మీ ఇంట్లోనే రెండూ ఉంటే లాభం లేదు.

వచ్చే ఆదివారం ఖాళీయే నేను. పొద్దున్నే బయల్దేరి వస్తాను, రిసీవర్ ముక్కా సోల్డరింగ్ ఐరన్ నేను తెస్తాను, నువ్వు అడాప్టరూ పై బోర్డూ కొని ఉంచు, ఆ పాత రిమోట్ వెతికి కొత్త సెల్స్ వేసి పెట్టు. మా చెల్లికి పెసరట్టు వెయ్యమని చెప్పు.

మీ మామయ్య