బీటీ ప్రొటీన్ చెడిపోలేదు, పురుగే మారింది

మీ ప్రశ్నలో మూడు ముక్కలున్నాయి. బీటీ పత్తిలో ఉన్నది బ్యాక్టీరియా ప్రొటీన్ అయితే అది పురుగును ఎలా చంపుతుంది? మనల్నీ గొర్రెల్నీ ఎందుకు చంపదు? ఇప్పుడు పత్తి కాయ తొలిచే గులాబీ రంగు పురుగు చావడం లేదంటే ఆ ప్రొటీన్ చెడిపోయిందా? మాది పరకాల వైపు ఊరు, ఇంట్లో ఎప్పటినుంచో పత్తే. నేను చదివింది మైక్రోబయాలజీ. చేలో చూసిందీ, ల్యాబ్‌లో చూసిందీ కలిపి చెబుతాను.

ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం వరంగల్‌లో పురుగు మందుల షాపులో బీటీ పొడి ప్యాకెట్ కొన్నాను. అందులో ఉండేది బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే బ్యాక్టీరియా. బీటీ అంటే ఈ పేరే, పత్తిలో పెట్టింది దీని జన్యువునే. 1901లో జపాన్‌లో ఇషివాటా అనే ఆయన చచ్చిపోతున్న పట్టుపురుగుల్లో మొదట గమనించింది దీన్నే. పొడిని నీళ్లలో కలిపి ప్లేటు మీద గీస్తే తెల్లారేసరికి మాసిన తెలుపు రంగు కాలనీలు వచ్చాయి. మూడు రోజులు ఆగి, స్లైడు మీద కూమాసీ బ్లూ వేసి ఆయిల్ లెన్సు కింద పెట్టాను. పాలిపోయిన గుడ్లలాంటి స్పోర్లు (బ్యాక్టీరియా నిద్రపోయే రూపం), వాటి పక్కనే ముదురు నీలంలో చిన్న చిన్న వజ్రాల ఆకారాలు. ఆ స్ఫటికాలే మీరు అడుగుతున్న క్రై ప్రొటీన్. కణం పొడి బరువులో దాదాపు నాలుగో వంతు ఇదే ఉంటుంది. బ్యాక్టీరియా ఇంత కష్టపడి ఒక్క ప్రొటీన్‌ను పోగేసుకోవడం అరుదు.

స్ఫటికాలను రాత్రంతా మామూలు నీళ్లలో నానబెట్టి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైకి తేరిన నీటిని జెల్ మీద నడిపాను. ప్రొటీన్లు సైజును బట్టి అందులో విడిపోయి గీతల్లా, అంటే బ్యాండ్లుగా, కనిపిస్తాయి. (మొదటిసారి టెమెడ్ కలపడం మర్చిపోయి జెల్ గడ్డకట్టనే లేదు, ఆ సాయంత్రమంతా వృథా.) రెండోసారి జెల్ బాగానే వచ్చింది కానీ అందులో ఏమీ లేదు, ఒక్క బ్యాండు కూడా పడలేదు. అంటే మామూలు నీళ్లలో స్ఫటికం కరగలేదు. మా మేడమ్ చూసి, "పురుగు పొట్టలో ఏముంటదో చదివినవా?" అని ఒకే ఒక్క మాట అడిగారు. చదవలేదు. గొంగళి పురుగు పేగులో క్షారం ఉంటుంది, పీహెచ్ 10 దాకా. సోడియం కార్బొనేట్ బఫర్‌ను ఆ పీహెచ్‌కు తెచ్చి, స్ఫటికం విడిపోవడానికి కొంచెం మెర్కాప్టో ఇథనాల్ వేసి, 37 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచాక మళ్లీ నడిపితే 130 కిలోడాల్టన్ల (ప్రొటీన్ బరువుకు కొలత) దగ్గర బ్యాండు కనిపించింది. అందులో ప్రొటీన్లను కోసే ట్రిప్సిన్ అనే ఎంజైము కలిపితే ఆ బ్యాండు పోయి, 60-65 దగ్గర లావుపాటి బ్యాండు వచ్చింది. పురుగు పొట్టలో జరిగేదీ ఇదే. బ్యాక్టీరియా తయారుచేసే క్రై1ఏసీ అనే రకం క్రై ప్రొటీన్‌లో 1178 అమైనో ఆమ్లాలు ఉంటాయి. పురుగు పేగులోని ఎంజైములు ముందువైపు ఓ 28, వెనకవైపు దాదాపు సగం కోసేస్తాయి. ఆ వెనక సగం స్ఫటికం కట్టడానికే, చంపే పని మిగిలిన ముక్కది. పురుగు తన పొట్టలో తానే ఆయుధానికి పదును పెట్టుకుంటుందన్నమాట.

ఆ మిగిలిన ముక్కలో మూడు భాగాలు. ఒకటో భాగం పత్తి కట్టె మోపులా ఉంటుంది: మధ్యలో ఒక హెలిక్స్ (స్ప్రింగులా మెలితిరిగిన ముక్క), చుట్టూ ఆరు. రెండో భాగంలో మూడు బీటా షీట్లు (రేకుల్లా పరుచుకున్న ముక్కలు), వాటి చివర్లలో బయటికి పొడుచుకొచ్చిన లూపులు. మూడోది రెండు రొట్టెలు ఒకదానిమీద ఒకటి పెట్టినట్టు ఉంటుంది. ఈ కుటుంబంలో మొదటి నిర్మాణం, క్రై3ఏది, 1991లో తేలింది. రెండో భాగం లూపులు పేగు గోడ కణాల మీదున్న క్యాడ్‌హెరిన్ అనే ప్రొటీన్‌ను పట్టుకుంటాయి. మూడో భాగానికీ అక్కడి మరికొన్ని ప్రొటీన్లను పట్టుకునే పని ఉంది. ఆ పట్టు దొరికాక ఇలాంటి అణువులు కొన్ని గుత్తిగా చేరతాయి, కట్టె మోపు విప్పుకుంటుంది, రెండు హెలిక్సులు పొరలోకి దిగుతాయి, మిగతావి గొడుగు పుల్లల్లా పైన పరుచుకుంటాయి. పొరకు బెజ్జం పడుతుంది. అయాన్లు, నీళ్లు లోపలికి పోయి కణం ఉబ్బి పగులుతుంది. పురుగు కొన్ని గంటల్లోనే మేత మానేస్తుంది, రెండు మూడు రోజుల్లో చస్తుంది. పచ్చదోమ, తెల్లదోమ మీద బీటీ పనిచేయదని మీరు చూసే ఉంటారు, వాటి పేగు వేరు.

మన కడుపులో ఆమ్లం, పెప్సిన్ ఉంటాయి. ఈ ప్రొటీన్ అక్కడ తునకలైపోతుంది, పేగు దాకా వచ్చినా పట్టుకోవడానికి తగిన రిసెప్టర్, అంటే పురుగులోని క్యాడ్‌హెరిన్ లాంటి పట్టుచోటు, మనకు లేదు. గొర్రెల సంగతి అడిగారు కదా, 2006లో మన వరంగల్ జిల్లాలోనే బీటీ చేలో మేసిన గొర్రెలు చచ్చిపోయాయని కాపర్లు చెప్పడంతో పెద్ద గొడవైంది. చేలో కొట్టిన మందుల అవశేషాల మాట అప్పుడే వచ్చింది. నిజానికి గొర్రె మొదటి పొట్టలో ఆమ్లం అంతగా ఉండదు, కాబట్టి ఆమ్లం సాకు ఒక్కటే చెబితే సరిపోదు. నాలుగో పొట్టలో ఆమ్లం ఉంటుంది, పైగా రిసెప్టర్ లేదు. నాకు బలంగా అనిపించేది ఈ రెండోదే.

ఇక గులాబీ పురుగు. 2002లో ఒక్క క్రై1ఏసీతో బీటీ పత్తి వచ్చింది, 2006లో క్రై2ఏబీ అనే రెండో రకం కూడా కలిపారు. క్రై1ఏసీని తట్టుకునే గులాబీ పురుగు గుజరాత్‌లో ఉందని 2010లో బయటపడింది, ఇంకొన్నేళ్లకు రెండో ప్రొటీన్ కూడా పనిచేయకుండా పోయింది. క్రై1ఏసీని తట్టుకునే పురుగుల్లో క్యాడ్‌హెరిన్ జన్యువే తెగిపోయి ఉంటుంది, లూపు వచ్చి పట్టుకునే చోటే ఉండదు. దీనికి తోడు ఆకులో ఉన్నంత ప్రొటీన్ పువ్వులో, కాయ తొక్కలో ఉండదు, చెట్టు ముదిరేకొద్దీ ఇంకా తగ్గుతుంది. పైగా మనం వేసేది హైబ్రిడ్. అందులో ఆ జన్యువు ఒక్క వైపు నుంచే వస్తుంది కాబట్టి, ఒంటి జన్యువు రకాల్లో కాయలోని గింజల్లో నాలుగో వంతుకు ప్రొటీనే ఉండదు. గులాబీ పురుగు తినేది గింజనే! కొద్దికొద్దిగా మేసి, తట్టుకునే పురుగులు బతికి పెరగడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు. బీటీ లేని విత్తనం 120 గ్రాములు చిన్న ప్యాకెట్‌లో ఇచ్చేవాళ్లు, చేను చుట్టూ వేయమని. మా బాపు దాన్ని గోడ గూట్లో పెట్టేవాడు, ఊళ్లో అందరూ అంతే. దాన్ని వేసి ఉంటే తట్టుకోలేని పురుగులూ కొన్ని బతికేవి, తట్టుకునేవి వాటితో జతకడితే ఆ గుణం పలచబడేది.

మొన్న దీపావళికి ఇంటికి వెళ్లినప్పుడు ఆకులో బీటీ ప్రొటీన్ ఉందో లేదో గీతతో చూపే టెస్ట్ స్ట్రిప్పులు పట్టుకుపోయాను. ఒక చెట్టు కాయ పగలగొడితే గులాబీ పురుగు గింజలో తల దూర్చి ఉంది. అదే చెట్టు ఆకు తుంచి ట్యూబులో నలిపి స్ట్రిప్ ముంచితే క్రై1ఏసీకీ, క్రై2ఏబీకీ గీతలు రెండూ చక్కగా పడ్డాయి. బాపు ఆ స్ట్రిప్‌ను ఎండకు ఎత్తి చూసి, "గీత మంచిగనే ఉన్నది బిడ్డా, పురుగు సుత మంచిగనే ఉన్నది" అన్నాడు.